పిలవగానే నిద్రపోవాలి

"పిల్ల మేలుకునే ఉండాలి. మేం పిలవగానే నిద్రపోవాలి," అంది ఆస్పత్రి కౌంటర్లో కూర్చున్న ఆవిడ, టోకెన్ చింపి ఇస్తూ.

గాలిమామ ఆ చీటీ వంకా ఆవిడ వంకా మార్చి మార్చి చూశాడు. "అదేంటండీ, నిద్రేమైనా ట్యూబులైటా, స్విచ్చి నొక్కగానే ఆరిపోడానికి?"

"ఏడో నంబరు. అక్కడ కూర్చోండి," అంది ఆవిడ. ఇలాంటి హాస్యాలు ఆవిడ రోజుకి నలభై వింటుంది.

టైర్ల షాపులో గాలి కొట్టడం, పంక్చర్లు వేయడం అతని పని. అందుకే వీధిలో పిల్లలందరికీ అతను గాలిమామ. మాటల్లో కూడా అవసరానికి మించి గాలి కొడతాడని వాళ్ళక్క అంటూ ఉంటుంది. ఆ అక్క ఇప్పుడు రెండున్నరేళ్ళ కూతుర్ని చంకనేసుకుని, ఆవలింత ఆపుకుంటూ అతని వెనకాలే నిలబడి ఉంది. పిల్ల ముద్దుపేరు బొంగరం. నిలబెడితే తిరుగుతుంది, పడుకోబెడితే దొర్లుతుంది, ఎత్తుకుంటే ఎత్తుకున్నవాళ్ళని తిప్పుతుంది.

మూడు వారాలుగా బొంగరం వెనకనుంచి పిలిస్తే తిరిగి చూడటం లేదు. పళ్ళెం కింద పడినా ఉలిక్కిపడటం లేదు. పిల్లల చెవులు చూసే డాక్టరు, మిషను పరీక్ష చేయించాలన్నాడు. తలకి నాలుగు తీగలు అంటించి, చెవుల్లో టకటకమని చప్పుడు చేస్తారట. ఆ చప్పుడు లోపలికి చేరుతోందో లేదో మిషనే గీతలు గీసి చెబుతుందట. ఒక్కటే షరతు, పిల్ల గాఢంగా నిద్రపోవాలి. కదిలిందంటే గీతలన్నీ పిచ్చిగీతలే.

ఇవాళ్టితో మూడోసారి రావడం. మొదటిసారి నిద్రమందు పట్టారు. బొంగరం దాన్ని ఎంత వేగంగా మింగిందో అంతకు రెట్టింపు వేగంగా గాలిమామ కొత్త చొక్కా మీదకి పంపేసింది. ఈ పిల్లకి మందు వద్దు, మామూలుగానే పడుకోబెట్టండి అన్నారు. రెండోసారి తొమ్మిదింటికే హాల్లో గుర్రుపెట్టి నిద్రపోయింది. పదకొండున్నరకి పిలిచి మొదటి తీగ అంటించగానే లేచి కూర్చుని, "అన్నం," అంది. ఈసారి కూడా తప్పిందంటే మళ్ళీ తేదీ నెలన్నర తర్వాతే. అందుకే తెల్లవారుజామునే పిల్లని లేపి, ఎక్కడా కన్ను మూయనివ్వకుండా తీసుకొచ్చారు.

నెలన్నర ఆగే ఓపిక అక్కకి లేదు. ఆగే ధైర్యం గాలిమామకి లేదు. దానికో కారణం ఉంది. అది అక్కకి తెలియదు.

నెల కిందట అక్క ఏదో పనుండి పిల్లని అరగంట షాపులో వదిలి వెళ్ళింది. గాలిమామ చేతిలో గాలి పైపు ఉంది, జేబులో రంగు బుడగల ప్యాకెట్ ఉంది. ఇక అతన్ని ఎవరాపుతారు? పైపుకి ఒక బుడగ తగిలించి పుచ్చకాయంత చేసి పిల్లకి చూపిస్తుంటే, ఢాం! సరిగ్గా ఎడం చెవి పక్కనే పేలింది. బొంగరం నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయింది. ఇక ఏడుపు లంకించుకుంటుందనుకున్నాడు గాలిమామ. పిల్ల చప్పట్లు కొట్టి, "మల్లీ!" అంది. ప్యాకెట్లో పన్నెండు బుడగలుంటాయి. పన్నెండూ అయిపోయాయి.

వారం తిరక్కుండా అక్క ఫోను చేసింది. "ఒరేయ్, ఇది పిలిస్తే పలకడం లేదురా." గాలిమామకి ఆ పన్నెండు బుడగలూ గుర్తొచ్చాయి. చేసిన ప్రతి వెధవ పనినీ వీధంతా చాటింపు వేసుకుని నవ్వుకునే మనిషి, ఆ ఒక్కదాన్నీ కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాడు.

హాల్లో కుర్చీలు ఐదేసి చొప్పున ఒకే ఇనప కడ్డీకి బిగించి ఉన్నాయి. ఒకరు లేస్తే మిగతా నలుగురూ ఊగుతారు. గాజు తొట్టిలో ఒకే ఒక చేప ఉంది. అది కూడా ఎవరి మొహమూ చూడలేక గోడవైపు తిరిగి నిలబడింది. పక్కన ఒక పెద్దావిడ మనవరాల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఎన్నో నంబరు నాయనా?"

"ఏడు పెద్దమ్మా. మీది?"

"నాలుగు. పొద్దున వచ్చినప్పుడూ నాలుగే, ఇప్పుడూ నాలుగే."

"పిల్లకేమైంది?"

"ముక్కులో బొత్తాం పెట్టేసుకుంది."

"ఎవరిది?"

"వాళ్ళ తాత చొక్కాది. అదుగో, ఆ మూల చొక్కా పట్టుకుని కూర్చున్నాడు చూడు. బొత్తాం బయటికి రాగానే కుట్టించుకుందామని."

కౌంటరావిడని ఎప్పుడడిగినా, "ఇంకో పది నిమిషాలు," అంటోంది. ఆ పది నిమిషాలు చూయింగ్‌గమ్‌లాంటివి, ఎంత లాగితే అంత సాగుతాయి. పదింటికి బొంగరం కళ్ళు మూతలు పడటం మొదలయ్యాయి.

"ఒరేయ్, పడుకుంటోందిరా! ఏదో ఒకటి చెయ్యి," అంది అక్క కంగారుగా.

అడగాలేగానీ! గాలిమామ బాతులా నడిచాడు. చెవులు ఆడించాడు. చెప్పు నెత్తిన పెట్టుకుని తొట్టిలో చేపకి దణ్ణం పెట్టాడు. లేని సైకిలెక్కి హాలంతా తిరిగి, లేని గోడకి గుద్దుకుని పడ్డాడు. బొంగరం కిలకిలా నవ్వుతూ వెనకాలే పరిగెత్తింది. దాని వెనక బొత్తాం పిల్ల, దాని వెనక ఇంకో ఇద్దరు. నిమిషంలో ఆస్పత్రి హాలు కాస్తా సంతలా తయారైంది. చొక్కా పట్టుకున్న తాత కూడా కుర్చీ అంచుకి జరిగి చప్పట్లు కొట్టాడు.

"ఏవండీ! ఇది హాస్పిటలు!" అంది కౌంటరావిడ.

"నిద్రపోకూడదని మీరే కదండీ అన్నారు?"

"మీ పిల్లని చూసుకోమన్నాను. ఊరందర్నీ కాదు."

గంటన్నర అలా గడిచింది. గాలిమామకి తల ప్రాణం తోకకొచ్చింది. అప్పుడు కౌంటరావిడ తలెత్తి తాపీగా అంది: "ఏడో నంబరు! ఆరోవాళ్ళు లోపలికెళ్ళారు. పావుగంటలో పిలుస్తాం. ఇక పడుకోబెట్టుకోండి."

అక్క పిల్లని ఒళ్ళోకి లాక్కుని జోకొట్టడం మొదలెట్టింది. బొంగరం అక్క భుజం మీదనుంచి తొంగి చూసి, మామ కనబడగానే పకపకా నవ్వింది. అతను ఏమీ చేయలేదు పాపం. ఉత్తినే కూర్చున్నాడు. ఆ మొహమే చాలు దానికి.

"నువ్వు బయటికి పోరా బాబూ. నిన్ను చూస్తే ఇది పడుకోదు."

అతను వరండాలోకి వెళ్ళాడు. వెళ్ళిన మరుక్షణం లోపల్నించి, "మామా!" అని పైకప్పు ఎగిరిపోయేలా ఏడుపు. మళ్ళీ లోపలికొచ్చాడు. మళ్ళీ నవ్వు. బయటికెళితే ఏడుపు, లోపలికొస్తే నవ్వు. తలుపు దగ్గర ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడితే రెండూ కలిపి చేసింది.

"ఇంకా పది నిమిషాలే ఉంది," అంది అక్క. "ఇవాళ కూడా కాకపోతే నా వల్ల కాదురా. ఇది వింటోందో లేదో తెలీకుండా ఇంకో నెలన్నర... నా వల్ల కాదు."

గాలిమామ పిల్లని తీసుకుని భుజాన వేసుకున్నాడు. మొహం కనబడకుండా దాని తల మెడకి ఆనించుకుని, నోరు ఆ చిన్ని చెవి దగ్గర పెట్టాడు. కథ చెబుదామనుకున్నాడు. అతనికొచ్చిన కథలన్నిట్లో ఎవడో ఒకడు జారిపడతాడు. వద్దు. పాట పాడదామనుకున్నాడు. అతను పాడితే ఎవరూ పడుకోలేదు ఇంతవరకు. నవ్వు రాని మాట ఒక్కటంటే ఒక్కటి కూడా దొరకలేదు, ఆ ఒక్కటి తప్ప.

"పొద్దున్నే షాపుకెళ్ళానమ్మా," అని మొదలెట్టాడు నెమ్మదిగా. "షట్టరు ఎత్తాను. ఒక బండి చక్రం విప్పాను. ట్యూబు నీళ్ళలో ముంచాను. చిల్లు దొరికింది. రుద్దాను. బంక రాశాను. ఆరేదాకా ఆగాను. అప్పుడు మీ అమ్మ నిన్ను తీసుకొచ్చింది. అరగంట చూడరా అంది. నేను చూడలేదు. నా దగ్గర బుడగలున్నాయి. గాలి పైపుతో ఊదాను. నీ చెవి పక్కనే పేలింది. నువ్వు 'మళ్ళీ' అన్నావు. నీకేం తెలుసు, పిల్లవి. నాకు తెలియాలి. నేను మళ్ళీ పేల్చాను. మళ్ళీ. మళ్ళీ. పన్నెండు పేల్చానమ్మా. తర్వాత నువ్వు పలకడం మానేశావు. మీ అమ్మ ఫోను చేస్తే నేనేం అనలేదు. మీ అమ్మ ఏడుస్తుంటే కూడా ఏం అనలేదు..."

ఎత్తుపల్లాలు లేని గొంతు అది. పుట్టిన దగ్గర్నుంచీ బొంగరం మామ నోట అలాంటి గొంతు విని ఎరగదు. ఒకసారి ఆవలించింది. మెడ మీద వెచ్చగా ఊపిరి తగిలింది. చేతులు వేలాడేసింది. పిల్ల బరువెక్కింది.

గాలిమామ మెల్లగా తల తిప్పాడు. అక్క అతన్నే చూస్తోంది. అంతా వింది.

ఆవిడ నోరు తెరిచింది. "ఏ..." అన్న ఒక్క అక్షరం బయటికొచ్చి, నిద్రపోతున్న పిల్లని చూసి అక్కడే ఆగిపోయింది. మొహం ఎర్రగా కందిపోయింది. అప్పుడే తలుపు తీసుకుని మిషను చూసే అమ్మాయి పిలిచింది: "ఏడో నంబరు. రండి. లోపల చప్పుడు చేయకూడదు. దగ్గినా సరే, బయటికి పంపేస్తా."

చీకటిగా ఉన్న చిన్న గది అది. తలుపుకి దూది పరుపులాంటిది కొట్టి ఉంది. పిల్లని మంచం మీద పడుకోబెట్టి తీగలంటించారు. బొంగరం కదల్లేదు. మిషను మీద పచ్చగీతలు పాకడం మొదలయ్యాయి. అక్కా తమ్ముళ్ళిద్దర్నీ గోడ పక్కన ఒకే బల్ల మీద కూర్చోబెట్టారు.

నలభై నిమిషాల పరీక్ష. ఆ నలభై నిమిషాలూ అక్క అతన్ని తిట్టింది, ఒక్క మాట లేకుండా. ముందు గోళ్ళతో జబ్బ మీద గిల్లింది. అబ్బా అనకూడదు గనక అతను కళ్ళు పెద్దవి చేసుకుని ఊరుకున్నాడు. తర్వాత పది వేళ్ళు చూపించి, మళ్ళీ రెండు వేళ్ళు చూపించి, కనుబొమలెగరేసింది. పన్నెండా? అతను తలూపాడు. ఆవిడ నమ్మలేక మళ్ళీ పది చూపించి, మళ్ళీ రెండు చూపించింది. మళ్ళీ తలూపాడు. మళ్ళీ గిల్లింది. మిషను అమ్మాయి వెనక్కి తిరిగి చూస్తే ఇద్దరూ చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చున్నారు.

గాలిమామకి గీతలు అర్థం కావు. అమ్మాయి మొహం చూస్తూ కూర్చున్నాడు. తను ట్యూబు నీళ్ళలో ముంచినప్పుడు బండివాళ్ళు తన మొహంలోకి ఇలాగే చూస్తారు. అలా చూసేవాళ్ళని ఎన్నిసార్లు ఆటపట్టించాడో! "అయ్యో, పోయిందండీ, పూర్తిగా పోయింది," అని. ఈ అమ్మాయి మాత్రం దేనికీ మొహం మార్చడం లేదు.

తర్వాత డాక్టరు చెవుల్లోకి లైటు వేసి చూసి, కాగితం చూసి, అక్కకేసి తిరిగాడు. "వినికిడి నరం బ్రహ్మాండంగా ఉందమ్మా. కర్ణభేరి తెర వెనక నీరు చేరింది, రెండు చెవుల్లోనూ. జలుబు చేసినప్పుడు ఈ వయసు పిల్లలకి మామూలే. దాంతో మాటలు ఎక్కడో దూరంనుంచి వినపడినట్టుంటాయి. చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది. ముక్కుకి మందు రాస్తాను. మూడు నెలలకి మళ్ళీ చూద్దాం."

అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గాలిమామ గొంతు సవరించుకున్నాడు. "డాక్టరుగారూ... చెవి పక్కన బుడగ పేలితే..."

"ఎన్ని?"

"పన్నెండు."

డాక్టరు కలం కింద పెట్టాడు. "ఎవరు పేల్చారు?"

"మా తమ్ముడండీ," అంది అక్క.

"పిల్లలకి నచ్చజెప్పాలమ్మా. వాడికి ఎన్నేళ్ళు?"

"ముప్ఫై నాలుగు. ఇతనే."

డాక్టరు కాసేపు గాలిమామని పైనుంచి కిందిదాకా చూశాడు. "తెర చిరగలేదు. నరానికి దెబ్బ లేదు. ఈ నీటికీ మీ బుడగలకీ సంబంధం లేదు. మీ అదృష్టం. పదమూడోది మాత్రం పేల్చకండి."

బయటికొచ్చాక, మందుల కౌంటరు ముందు లైన్లో నిలబడి, ఇక గాలివాన మొదలవుతుందని గాలిమామ తల వంచుకున్నాడు. ఎంతసేపటికీ రాలేదు.

"తిట్టవే అక్కా," అన్నాడు చివరికి.

"మూడు వారాలురా," అంది అక్క, పిల్లని భుజం మార్చుకుంటూ. గొంతు పెద్దది చేయలేదు. "స్నానం చేయించేటప్పుడు నేనే చెవిలో నీళ్ళు పోసేశాననుకున్నా. తడి తలతో ఫ్యాను కింద పడుకోబెట్టాననుకున్నా. నా వల్లే అనుకుని అన్నం సయించలేదు నాకు. నువ్వు పక్కనే కూర్చుని చేపకి దణ్ణాలు పెడుతున్నావు. ఆ రోజే చెప్పుంటే, ఇద్దరం కలిసి భయపడేవాళ్ళం కదరా!"

గాలిమామ లైన్లో ఒక అడుగు ముందుకి జరిగాడు.

"మీ బావకి నువ్వే ఫోను చేసి చెప్పు. రిపోర్టూ చెప్పు, బుడగలూ చెప్పు."

అతను ఫోను తీశాడు. "బావా, పిల్లకి ఏం పర్లేదు, వినపడుతుంది. ఇంకోటి చెప్పాలి. షాపులో నేను దాని చెవి పక్కన పన్నెండు బుడగలు పేల్చాను."

అవతల బావ పెద్దగా నవ్వాడు. "పోరా! ఇవాళ నేను దొరికానా నీకు? మొన్న ఆఫీసు బయట నా బండి నాలుగు చక్రాలూ దొంగలెత్తుకెళ్ళారన్నావు," అని పెట్టేశాడు.

రెండోసారి చేశాడు. "పన్నెండే ఎందుకురా, నూట ఇరవై చెప్పు," అని మళ్ళీ పెట్టేశాడు.

గాలిమామ బిక్కమొహం వేసుకుని ఫోను అక్క ముందుకి చాపాడు. "నువ్వొక్క మాట చెప్పవే. నమ్మడం లేదు."

"నేను చెప్పను. నువ్వే నమ్మించుకో," అంది అక్క. మొహం అటు తిప్పుకుంది గానీ, పెదవి చివర బిగబట్టుకున్న నవ్వు అతనికి కనబడింది.

మూడోసారి నొక్కాడు. చాలాసేపు మోగాక బావ ఎత్తాడు. "మళ్ళీ నువ్వేనా?"

"నేనే బావా. పెట్టేయకు," అన్నాడు గాలిమామ, మందుల లైన్లోంచి పక్కకి తప్పుకుని, గోడకి ఆనుకుంటూ. "మొదట్నించీ చెప్తాను. పొద్దున్నే షాపుకెళ్ళాను..."