ఉత్త కేక

మా నాయన ముత్తయ్య మేళ్లచెరువు సున్నపురాయి క్వారీలో మందు పేల్చే పని చేసేవాడు. కొత్త చోట రాయి పేల్చాల్సి వస్తే, ముందురోజు మందు లేకుండానే ఎర్రగుడ్డ ఊపుతూ "మందూ... మందూ..." అని అరిచేవాడు. ఏ పొద చాటు నుంచి ఎవరు లేచి ఉరుకుతారో చూసుకునేవాడు. మరునాడు నిజంగా పేల్చే ముందు ఆ చోట్లన్నీ తానే తిరిగి వచ్చేవాడు. దాన్ని క్వారీలో ఉత్త కేక అనేవాళ్లు. ఒక పూట పని దండగని కాంట్రాక్టరు గొణిగేవాడు. ఆ గొణుగుడు మా నాయనకు దున్నపోతు మీద వాన.

తమ్ముడు జానయ్యదీ అదే మొండితనం, కాకపోతే దానికి చదువు తోడైంది. మిర్యాలగూడలో బి.ఏ. సగంలో వదిలేసి ఇంటికొచ్చాడు. నేను అప్పటికే బడిలో పంతులమ్మను. 1970 సెప్టెంబరులో రేడియోలో ఒక వార్త వచ్చింది. ఎక్కడో ఎడారిలో కొందరు విమానాలను దారి మళ్లించి దింపారట, జనాన్ని బయటికి పంపి వాటిని పేల్చేశారట. అది విన్నప్పటి నుంచి జానయ్యకు అన్నం సహించలేదు.

"ఆ ఇమానాలు దింపినోళ్ల జనం ఇరవై ఏండ్ల సంది డేరాలల్ల బతుకుతున్నరట నాయినా," అన్నాడు ఒక సాయంత్రం. "ఉన్న ఊర్లు పోయినయి. ఎవ్వడన్న అడిగిండా? ఇప్పుడు సూడు, మీదేవూరని లోకమంత అడుగుతున్నది."

మా ఊరు ఏటిగడ్డ, పెద్దవూర అవతల ఉండేది. సాగర్ నీళ్ల కింద పోయింది. బదులుగా సర్కారు ఇస్తానన్న భూమి ఇప్పటికీ ఇవ్వలేదు. అర్జీలు పట్టుకుని తిరిగి తిరిగి నాయన చెప్పులరిగాయి తప్ప పనికాలేదు. అమ్మ సమాధి కూడా ఆ నీళ్ల అడుగునే ఉంది. సమాధుల పండుగకు చర్చి జనమంతా కొవ్వొత్తులు పట్టుకుని పోతుంటే మేం ముగ్గురం ఇంట్లో కూర్చునేవాళ్లం.

జానయ్య అసలు సంగతి అప్పుడు బయటపెట్టాడు. కోదాడ దగ్గర సాగర్ ఎడమ కాలువ తూమును పేల్చాలట. దానికి నాయన మందు ఇవ్వాలట.

"మనూరును ముంచిన నీళ్లే గా తూముల నుంచి పోతున్నయి. ఎవ్వర్ని సంపం నాయినా. వాళ్లు దించినట్టే, మనం గూడ ముందుగాల అందర్ని బయటికి పిలుస్తం."

పట్టుబడితే వీడి బతుకు జైలుపాలు. ఎవరైనా చస్తే, ఇక వీడు మా తమ్ముడిగా మిగలడు. నాయన చెంప పగలగొడతాడనుకున్నాను. ఆయన నా వైపు తిరిగి, "మనుషుల్ని దించింది నిజమేనా?" అని అడిగాడు. నిజమే అన్నాను.

"మంచిగ చేసిండ్రు," అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆపాల్సిన మనిషే ఇలా అంటే ఎవరితో చెప్పుకోవాలి? అయితే ఆయన కడుపులోనూ అదే మంట ఉందని నాకు తెలియక కాదు.

"మొదాలు ఉత్త కేక వెయ్యి," అన్నాడు నాయన కొడుకుతో. "ఉత్త చేతుల్తోని పోయి కేకెయ్యి. ఎవరెవరు ఏడికెల్లి వస్తరో సూసి రా. అందరు దూరం పోయిండ్రంటే మందు నేనే ఇస్త. సరోజా, నువ్వు గూడ పో. ఈడు అబద్ధమాడినా నువ్వాడవు."

మరునాడు పొద్దున్నే బస్సెక్కి కోదాడలో దిగి, కాలువ గట్టు వెంట నడిచాం. కాలువ నిండుగా పారుతోంది. తూము పక్కన రేకుల గది, దాని ముందు ఒక లంబాడీ ఆవిడ రొట్టెలు కాలుస్తోంది. జానయ్య గట్టు మీద నిలబడి గొంతెత్తాడు.

"తూముకు మందు పెట్టిండ్రు! ఉరుకుండ్రి!"

ఆమె పిండి చేతులతోనే లేచి గట్టు దిగి పరుగెత్తింది. జానయ్య నా వైపు చూశాడు. చూశావా అన్నట్టు వాడి ముఖం వెలిగింది. అంతలో గదిలోంచి లస్కరు బయటికొచ్చాడు. కాలువ గేటు చూసుకునే ఆ ఉద్యోగికి యాభై దాటి ఉంటాయి. ఆయన గట్టు దిగలేదు. నేరుగా తూము మీదికి ఉరికి, గేటు చక్రం పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు.

"ఓ పెద్దమనిషీ, దిగు! సస్తవు!" జానయ్య గొంతు చించుకున్నాడు.

"తూము తెగితే కింద తండా మునుగుతదయ్యా! పిల్లలున్నరు! నువ్వు పోయి లేపు, నేను గేటు మూస్త!"

"గేమ్యా! దిగిరా!" అని ఏడుస్తూ రొట్టెలు కాల్చిన ఆవిడ, ఆయన భార్య, వెనక్కి వచ్చింది. ఆయన దిగలేదు. ఆమే ఎక్కి, ఆయన పక్కన చక్రం పట్టుకుంది.

జానయ్య రాయిలా నిలబడిపోయాడు. నేనే పరుగెత్తి, మందు లేదు, ఏమీ లేదు, మీకు దండం పెడతానని చెప్పాను. గేమ్యా దిగివచ్చి తమ్ముడి చెంప మీద ఒక్కటిచ్చాడు. తర్వాత అక్కడే కూలబడ్డాడు. దాహంతో నా నోరెండిపోయింది కానీ ఆమె మాకు గుక్కెడు నీళ్లివ్వలేదు. ఎందుకిస్తుంది?

ఇంటికి చేరేసరికి నాయన అన్నం వండి కూర్చున్నాడు.

"బయటికి వచ్చిండ్రా?"

"కేక ఇంటే దూరం ఉరుకుతరనుకున్న నాయినా," అన్నాడు జానయ్య. "ఆయన దగ్గరికి ఉరికిండు. ఆమె పోయి గూడ మళ్లొచ్చింది. కింద తండా ఉన్నదట. నాకు తెల్వదు."

నాయన తల ఊపాడు. మూడు కంచాల్లో వడ్డించాడు. జానయ్య కంచం పక్కకు జరిపాడు.

"మరి మనూరి గురించి ఎవరడుగుతరు నాయినా?"

నాయన ఏదో ఒక ఊరడింపు మాట చెబుతాడని చూశాను.

"ఎవ్వరడగరు బిడ్డా," అన్నాడు.

అని, ఊరు మునిగిన రోజు కూడా కంట తడి పెట్టని మనిషి భోరుమన్నాడు. తమ్ముడి చేతుల మీద ఎవరూ చావలేదని నాకెంత సంతోషమో, నాయన చెప్పింది నిజమేనని అంత దుఃఖం. జానయ్య లేచి వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాడు. ఆయన కంచంలోంచే ఒక ముద్ద కలిపి, ఆయన నోటికందించాడు.