మెరక మన్ను

రోజూ తెల్లారగానే కావేరి ఇల్లు ఊడ్చి, పొయ్యి పక్కన మొలిచిన వేరుశెనగ మొక్కలు పీకేసి, ఆ తర్వాతే టీ పెట్టుకునేది. రేపల్లెలో ఆ వీధంతా నల్లరేగడి. ఇల్లు కట్టేముందు స్థలం గుంటగా ఉంటే, బాపట్లలో నాన్న చేలోంచి ట్రాక్టర్లతో ఇసుకమన్ను తెచ్చి మెరక తోలించింది. ఆ మన్ను గచ్చు కింద కూడా తన పంట తాను వేసుకుంటూనే ఉంది. వీధిలోవాళ్లకి అదేం వింత కాదు. "ఈసారి కాపు బాగుందా వదినా?" అంటూ గుప్పెడు కాయలు పట్టుకెళ్లేవాళ్లు.

స్థలం బసవేశ్వరరావుది. "కట్టుకోమ్మా, నేల నాది, ఇల్లు నీది," అన్నాడు అప్పట్లో. కాగితం రాసుకుందామంటే, "మనలో మనకి కాగితాలేంటి?" అని నవ్వేశాడు. నేల అద్దె మాత్రం నెల తప్పకుండా తీసుకున్నాడు.

ఇప్పుడు స్థలానికి మంచి బేరం వచ్చింది. ఖాళీ చెయ్యమంటే కావేరి కోర్టుకెక్కింది. తెనాలిలో లాయరు శశిధర్ తీర్పు చదివి కళ్లజోడు తీశాడు.

"ఇల్లు మీదేనండి. అందులో అనుమానం లేదు."

"అయితే గెలిచినట్టేగా సార్?"

"నేల ఆయనది కదండీ. మీ ఇల్లు మీరు తీసుకెళ్లిపోవాలి. స్థలం ముందెలా ఉందో అలా అప్పజెప్పాలి."

"ఎక్కడికి తీసుకెళ్లను? సంచిలో పెట్టుకోనా?"

"అది తీర్పులో లేదండి."

ఇంటికొచ్చి గచ్చు మీద కూలబడింది. "విన్నావుగా, మనం వెళ్లిపోవాలంట," అంది మన్నుతో.

గడువు రోజు పొద్దున్నే మెరక ఇంటిని నెత్తిన పెట్టుకుని బయల్దేరింది. వంటింట్లో గిన్నె కూడా కదల్లేదు. బస్సు పక్కకు జరిగి దారిచ్చింది. "ఏ ఊరక్కా?" అన్నాడు కండక్టరు. "బాపట్ల," అంది కావేరి కిటికీలోంచి.

రేపల్లెలో మిగిలిన గుంటలో మోకాలిలోతు నీళ్లూరాయి. కొనేవాడు చూసి వెళ్లిపోయాడు. "మెరకేదమ్మా?" అని బసవేశ్వరరావు ఫోన్లో అరిచాడు.

"ముందెలా ఉందో అలాగే ఇచ్చాను బాబాయ్." ఆ రోజంతటికీ కావేరి నవ్వింది అప్పుడే.

సాయంత్రానికి మన్ను నాన్న చేలో, తనను తవ్విన చోటే సర్దుకుని కూర్చుంది. నాన్న పోయాక అన్నయ్య ఆ చేను అమ్మేశాడని దానికి తెలీదు. దారి పొడుగునా చెప్పడానికి కావేరికి నోరు రాలేదు.

చేను కొన్న నరసింహారావు బండి దిగి ఇంటి చుట్టూ తిరిగి చూశాడు.

"ఎవర్ని అడిగి పెట్టావమ్మా ఇక్కడ?"

"ఇల్లు నాదండి. కింద మన్ను కూడా నాదే."

"నేనేమన్నా పొమ్మన్నానా? ఉండు. నేల నాది, ఇల్లు నీది. నేల్లో కాసింది మాత్రం నాకు పంపించు."

"కాగితం రాస్తారాండి?"

నరసింహారావు నవ్వాడు. "మనలో మనకి కాగితాలేంటమ్మా?"

మర్నాడు తెల్లారగానే కావేరి ఇల్లు ఊడ్చింది. పొయ్యి పక్కన మొలిచిన మొక్క పీకబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇక్కడ అది ఆయనది.