నా మీద కట్టిన పాట

“మా ఆవిడ కూడా కాస్త సాయం చేస్తుంటుంది.”

పియెరా ఆ మాట అన్నప్పుడు నేను అతిథుల బూట్లలోంచి తడిసిన ఉన్ని మేజోళ్ళు పీకి పొయ్యి చుట్టూ ఆరేస్తున్నాను. వంటగదికీ అతిథులు కూర్చునే గుడారానికీ మధ్య ఒక్క తెర అడ్డం, అంతే. అవతల ఎవరు దగ్గినా ఇవతల వినిపిస్తుంది. ఇంత పెద్ద ఏర్పాటంతా మీరొక్కరే చూసుకుంటారా అని ఎవరో ఆడమనిషి మెచ్చుకోలుగా అడిగింది. దానికి నా మొగుడి జవాబు అది. కాస్త సాయం.

చలికాలంలో మాకు తెల్లారడమంటూ ఉండదు కాబట్టి గడియారం మోగితే లేస్తాను. రాతినాచు మూటలు మోసుకెళ్ళి రెయిన్‌డీర్ జింకలకి వేస్తాను. మంచు మీద పరిగెత్తే స్నోమొబైల్ బండి నడపబోయే వాళ్ళకి చలికోట్లు కొలతలు చూసి తొడుగుతాను. వాళ్ళు విప్పి పారేసినవి ఉతుకుతాను. సరస్సు మీద చేపలు పట్టే సరదా కోసం మంచుకి బెజ్జాలు వేసి, అవి మళ్ళీ గడ్డకట్టకుండా కాపు కాస్తాను. మంచు గుడిసెలో ఒక రాత్రి నిద్రపోయి వీరులమైపోయామనుకునే వాళ్ళ కింద పరిచిన తోళ్ళు దులుపుతాను. ఆవిరిగది రాజేసి, ఎముకల పులుసు కాచి, గిన్నెలు తోముతాను. పియెరా ఎర్ర అంచుల నీలం కోటు తొడుక్కుని, వెండి బిళ్ళల పటకా బిగించి నిప్పు పక్కన కూర్చుంటాడు. ‘ఉత్తర ధ్రువపు సాహసాలు, అసలైన సామీ జీవితం’ అని మా కరపత్రం మీద ఉన్న బొమ్మ అతనిదే. ఆ కోటు కుట్టింది నేను. చలికాలంలో రెండు నెలలు కళ్ళు పొడుచుకుని కుట్టాను. దాన్ని కూడా సాయం కిందే జమకట్టాడు కాబోలు.

ఇదంతా నాకు అలవాటైన విషయమే. అలవాటు కానిది పాట.

మా సామీ జాతిలో మనిషి మీద పాట కడతారు. యొయిక్ అంటాం. అందులో మాటలు పెద్దగా ఉండవు, గొంతు పోయే దారే ఉంటుంది. ఆ దారిలో మనిషి నడక, నవ్వు, మొండితనం అన్నీ తెలిసిపోతాయి. కట్టినవాళ్ళకి దాని మీద హక్కుండదు. ఎవరి మీద కట్టారో వాళ్ళదే అది. ఎవరి పాట వాళ్ళు పాడుకుంటే గొప్పలు పోతున్నారంటారు. మన మీద ప్రేమ ఉన్నవాళ్ళు, మనం దూరంగా ఉన్నప్పుడు పాడుకుంటారు. పాడితే మనం వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చున్నట్టే.

నా మీద మా అమ్మ కట్టింది. నాకు అయిదేళ్ళప్పుడు, తప్పిపోయిన జింకదూడని వెతుక్కుంటూ మందని వదిలి ఒక్కదాన్నే కొండెక్కేశానట. తిట్టడానికి బయల్దేరిన మా అమ్మ, దూడని మెడ పట్టుకుని ఈడ్చుకొస్తున్న నన్ను దూరం నుంచి చూసి తిట్టడం మానేసి పాట కట్టిందట. అందులో మూడుచోట్ల గొంతు తడబడి ఆగి, మళ్ళీ లేస్తుంది. మంచులో కూరుకుపోతూ లేస్తున్న నా కాళ్ళవి.

పెళ్ళికి ముందు పియెరా దాన్ని మా అమ్మని బతిమాలి నేర్చుకున్నాడు. వాళ్ళు సముద్రపు ఒడ్డువాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు. నది అవతలి గట్టున నిలబడి సాయంత్రాలు నా పాట పాడేవాడు. నేను మందలో ఎక్కడున్నా వినిపించేది. “గొంతు బాగాలేదు గానీ మనసు పెట్టి పాడుతున్నాడే,” అంది అమ్మ. ఆ ఒక్క మాటకే నేను అతన్ని చేసుకున్నాను.

అమ్మ పోయిన మరుసటి చలికాలం, తెర వెనక గిన్నెలు తోముతుండగా ఆ పాట వినపడింది. నా చేతులు నీళ్ళల్లోనే ఉండిపోయాయి. ఇన్నేళ్ళకి మళ్ళీ పాడుతున్నాడు అనుకున్నాను. సిగ్గేసింది కూడా. అంతలో పియెరా ఇంగ్లీషులో అంటున్నాడు: “ఇది తోడేళ్ళని పిలిచే పాట. మా ముత్తాత వేటకి వెళ్ళేముందు పాడేవాడు. చివర్లో అందరూ నాతో పాటు ఊళ పెట్టాలి, సరేనా?” మళ్ళీ పాడాడు. నా కాళ్ళు తడబడే చోటల్లా కళ్ళు పెద్దవి చేసి భయపెట్టే ముఖం పెట్టాడు. తెర సందులోంచి చూశాను. చివర్లో ముసలీ ముతకా, పిల్లా జెల్లా తలలు పైకెత్తి ఊళ వేశారు. ఒకడు నవ్వు ఆపుకోలేక కింద దొర్లాడు. నన్ను ఆ గుడారం మధ్యలో బట్టలు ఊడదీసి నిలబెట్టినట్టనిపించింది.

ఆ రోజు పక్క మీదికి చేరాక అడిగాను.

“ఆ పాట పాడకు.”

“ఏ పాట?”

“తెలియనట్టు మాట్లాడకు. నా పాట.”

“ఓ, అదా! అది నువ్వని వాళ్ళకేం తెలుసు? నీ పేరేమైనా చెప్పానా?”

“నా పేరు చెప్పలేదు. తోడేలన్నావు.”

“చూడు రావ్నా, వాళ్ళు అంత దూరం నుంచి వచ్చేది తోడేలు కోసం. నీ కోసం కాదు.” తన చమత్కారానికి తనే నవ్వుకుని అటు తిరిగాడు. అంతే. ఆ మాట మీద నిద్ర కూడా పట్టింది అతనికి.

రోజూ పాడాడు. రోజూ ఊళ వేశారు. మా అత్తగారు గారెన్ ముందు ఒకసారి నోరు జారాను. ఆవిడ పొయ్యి పక్క కుర్చీలో కూర్చుని నేను తరిగే ప్రతి దుంపనీ లెక్కపెట్టే మనిషి.

“పాడితే పాటేమైనా అరిగిపోతుందా? మొగుడు నీ పాట పాడుతుంటే ఏడ్చే పెళ్ళాన్ని నిన్నే చూశాను.”

“తోడేలు పాటంటున్నాడు అత్తయ్యా.”

“అననీ. ఏదో ఒకటి అన్నాడుగా. నా మీద ఎవరూ పాటే కట్టలేదు. ఇంత బతుకూ బతికాను. మా అమ్మకి తీరలేదు, మీ మామకి తోచలేదు. నీకు ఉంది, అది నలుగురి నోళ్ళలో పడింది. ఇంకా ఏం కావాలే నీకు?”

కత్తి ఆపాను. మాలో పాట లేని మనిషంటే, పోయాక తలుచుకోవడానికి ఏమీ మిగలని మనిషి. ఒక్క క్షణం ఆవిడ ముడతల చేతుల వైపు చూశాను. ఏదో అనబోయాను. ఈలోగా ఆవిడే అంది, “నిన్న పులుసులో ఉప్పెక్కువైంది. ఆ జర్మన్ ఆయన సగం వదిలేశాడు. చూసుకోవాలి కదా!” నేను మళ్ళీ దుంపలు తరగడంలో పడ్డాను.

శుక్రవారం నా కూతురు మారెత్ బడి నుంచి వచ్చి, బూట్లు విప్పుతూ కూనిరాగం తీసింది. నా పాటే. తడబాటు దగ్గర పియెరా చేసే భయపు ముఖం చేసింది. చివర్లో తల పైకెత్తి ఊళ పెట్టింది.

“ఎక్కడిదే ఆ పాట?” అన్నాను.

“నాన్నది. తోడేలు పాట. మా క్లాసులో అందరికీ నేర్పేశా!”

“ఎవరు కట్టారో తెలుసా?”

“నాన్న వాళ్ళ ముత్తాత కదా?”

పదేళ్ళ పిల్ల. దాని బుగ్గలు చలికి ఎర్రగా కందిపోయి, కళ్ళు మెరుస్తున్నాయి. అమ్మ పోయింది. ఇప్పుడు ఆ పాట నేనేనని ఎరిగిన వాళ్ళు మా అన్న, పియెరా, అత్తగారు, నేను. నా పాట నేను పాడుకోకూడదు గనక ఇన్నాళ్ళూ నోరు తెరవలేదు. పిల్లకి అది నేర్పవలసింది దాని తండ్రి. నేర్పాడు. రేపు నేను పోయాక నా కూతురు నన్ను తలుచుకుందామనుకుంటే దానికి దొరికేది ఒక ఊళ.

ఆ సాయంత్రం గుడారం కిక్కిరిసి ఉంది. కుక్కల బండ్లెక్కి తిరిగొచ్చినవాళ్ళు ఎవరు ఎన్నిసార్లు మంచులో పడ్డారో చెప్పుకుంటున్నారు. పియెరా గొంతు సవరించుకున్నాడు. పాట మొదలవగానే నేను తెర తోసి బయటికొచ్చాను. ఒంటి మీద మరకల ఏప్రన్, చేతిలో గరిటె. పెట్టిరావాలని కూడా తోచలేదు.

“ఆపు,” అన్నాను. తర్వాత నాకొచ్చిన ఇంగ్లీషులో అందరికీ చెప్పాను. “ఇది తోడేలు పాట కాదు. ఇది నేను. మా అమ్మ నా మీద కట్టింది. దీన్ని ఇలా పాడమని ఇతనికి నేను చెప్పలేదు. మీరెవరూ దీనికి ఊళ వేయకండి.”

ఆ వెంటనే చప్పట్లు. ఈలలు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంటూ, “ఎంత బాగా చేసింది!” అంది పక్కనున్న మొగుడితో. కార్యక్రమంలో భాగమనుకున్నారు. నాలుగు ఫోన్లు నా ముఖం మీదికి తిరిగాయి. “మళ్ళీ ఒకసారి!” అని అరిచాడు వెనకనుంచి ఒకడు.

పియెరా పెదాల మీది నవ్వు చెదరనివ్వలేదు. మా భాషలో, ముద్దుగా మాట్లాడుతున్నట్టే అన్నాడు, “లోపలికి పో. ఇంకో మాట మాట్లాడావంటే బాగుండదు.” అతిథుల వైపు తిరిగి, “తోడేలంటే మా ఆవిడకి భయం,” అన్నాడు. అందరూ గొల్లుమని నవ్వారు. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు.

నేను లోపలికి పోలేదు. గరిటె పట్టుకుని అక్కడే నిలబడి, నాకు ఊళ పెడుతున్న ఒక్కొక్క ముఖాన్నీ చూశాను. నాకు తెలియకుండానే లోపల ఏదో తేలిపోయింది.

మర్నాడు ఫలహారం వేళకి, మంచు మీద జింకలు లాగే స్లెడ్జి బండ్ల సవారీ. నేను జింకల్ని విప్పి, ఒకదాని వెనక ఒకటి తాడు కట్టి వరస చేశాను. మొదటి స్లెడ్జిలో మారెత్‌ని కూర్చోబెట్టి తోళ్ళు కప్పాను. దాని బడి సంచీ, నా బట్టల మూట దాని పక్కన పెట్టాను. అతిథుల్ని వెంటబెట్టుకుని పియెరా వచ్చాడు.

“ఇదేంటి, వరస ఎందుకు కట్టావు? విడివిడిగా కదా కావాల్సింది?”

“సవారీ లేదు. జింకల్ని మా అన్న దగ్గరికి తోలుకుపోతున్నా.”

“పిచ్చెక్కిందా? మన జింకల్ని అడగకుండా…”

“మనవా? చెవులు చూడు.”

అతను చూడలేదు. చూడాల్సిన అవసరం లేదు. ప్రతి చెవికీ కోసిన గుర్తు నాది. నాకు పేరు పెట్టిన రోజున మా నాన్న ఇచ్చిన గుర్తు. పెళ్ళయినా, పిల్లలు పుట్టినా మా ఆడవాళ్ళ గుర్తు మొగుడికి పోదు. సముద్రపు ఒడ్డు నుంచి పియెరా మా ఇంటికి తెచ్చింది ఒక పడవ మోటారునీ, వాళ్ళమ్మనీ.

గుమ్మంలో నిలబడి ఆవిడ అరిచింది. “పొయ్యి మీద పులుసు వదిలేసి ఎక్కడికే?”

“పొయ్యే వెలిగించలేదు అత్తయ్యా.”

అతిథుల్లో ఒకావిడ దగ్గరికొచ్చి, జింక ముక్కు నిమరవచ్చా అని నవ్వుతూ అడిగింది. “వద్దు,” అన్నాను. ఆ మాట అనడం ఎంత హాయిగా ఉందో! పియెరా నా మోచెయ్యి పట్టుకుని గొంతు తగ్గించాడు.

“వీళ్ళందరికీ నేనేం చెప్పను? స్లెడ్జిలు ఎవరు లాగుతారు?”

“తోడేళ్ళని పిలిచే పాట నీ దగ్గరుందిగా! పాడు. వస్తే వాటిని కట్టుకో.”

చెయ్యి విదిలించుకుని తాడు లాగాను. జింకలు కదిలాయి.

నది మీద గడ్డకట్టిన దారి పట్టాం. మా అన్న ఇస్సాత్ మంద మేపుకునే గుట్టలు కనిపించాక, మారెత్ తోళ్ళలోంచి తల బయటపెట్టింది.

“నాన్నని వదిలేశామా అమ్మా?”

“నేను వదిలేశాను. నువ్వు ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళి చూసిరావచ్చు.”

“ఆ పాట నువ్వని నిన్న గుడారంలో చెప్పావుగా, తెర వెనకనుంచి విన్నాను. నిజమేనా?”

“నిజమే.”

“మరి ఊళ?”

“ఊళ మీ నాన్నది. అది ఆయనకే ఇచ్చెయ్.”

మా అన్న ఏమీ అడగలేదు. వరస విప్పి జింకల్ని మందలో కలిపాడు. వాళ్ళావిడ మాత్రం, “ఎన్నాళ్ళుంటారు?” అంది కాఫీ పోస్తూ. ఆ అడగడం బాగాలేదు. ఉన్నన్నాళ్ళూ ఉంటాను, మందలో నా పని నేను చేసుకుంటాను, మీ వంట మీది అని ముందే చెప్పాను. ముఖం ముడుచుకుంది. ముడుచుకోనీ.

సూర్యుడు మళ్ళీ కొండ అంచు మీదికి రావడం మొదలైన రోజుల్లో పియెరా ఫోన్ చేశాడు. స్నోమొబైళ్ళతోనే నెట్టుకొస్తున్నాడట. వంటకి పెట్టిన మనిషి నిలవలేదట, ఇంకొకతెని పెట్టాడట, ఆవిడకి అత్తగారితో పడలేదట. అన్నీ నా తప్పులన్నట్టే చెప్పాడు. చివరికి గొంతు మెత్తబడింది.

“వచ్చెయ్ రావ్నా. ఆ పాట మానేశాను. నిజం, వారమైంది.”

“మరి ఏం పాడుతున్నావు?”

“ఏం పాడను? నాకు నీ పాట తప్ప వేరేది రాదు.”

ఒకప్పుడైతే ఆ మాటని ప్రేమనుకునేదాన్ని.