‘ఎప్పుడూ కాదు’ అన్న గడి

నేను ఒక ప్రశ్నావళిని. తలకు దెబ్బ తగిలి లేచినవాళ్లు నడుస్తారు, మాట్లాడతారు, నవ్వుతారు. కానీ ఏ పని ముందు, ఏది వెనక, ఎక్కడ ఆపాలి అన్న పట్టు కొందరికి పోతుంది. పోయిందని వాళ్లకే తెలియదు. అందుకే ఇంట్లోవాళ్లను అడగడానికి నన్ను పుట్టించారు. ఎక్కడో ఇంగ్లీషులో పుట్టాను. నన్ను తెలుగులోకి దించిన పెద్దమనిషి ఒక్క ఇల్లాలికైనా చదివి వినిపించలేదు. వినిపించి ఉంటే అక్కడే నాలుగు చీవాట్లు తినేవాడు.

కాకినాడలో ఒక ఆసుపత్రిలో నూకరత్నం ముందుకు వచ్చాను. ఆమె, భర్త ధర్మరాజు కలిసి బజ్జీల బండి నడిపేవారు. స్కూటరు మీంచి పడ్డాక అతను మూకుట్లో నూనె కాగుతుండగానే వదిలేసి ఎటో వెళ్లిపోతున్నాడు. పొయ్యి దగ్గరికి ఇప్పుడే వెళ్లొద్దని డాక్టరు చేత చెప్పించాలని ఆమె అతన్ని తీసుకుని వచ్చింది. పెళ్లాం మాట అతను వినడు మరి.

ప్రశ్నలు అడిగే అమ్మాయి గబగబా చదివింది. “పని మధ్యలో వదిలేస్తారా? ఎప్పుడూ, అప్పుడప్పుడు, ఎప్పుడూ కాదు?”

“ఎప్పుడూ కాదండి. పొద్దున్నపూట బానే ఉంటారండి. సాయంత్రం బేరం ఎక్కువైతేనే...”

“ఎప్పుడూ కాదు” అంటూ ఆ అమ్మాయి టిక్కు పెట్టేసింది. మిగతా మాట ఎవరికి కావాలి? అస్తమానం అలా ఉండడని ఆమె అంటే, ఒక్కనాడూ అలా లేడని లెక్కేశారు. ప్రశ్న ప్రశ్నకూ ఇదే తంతు. ధర్మరాజు కూడా తనకు ఏ లోటూ లేదన్నాడు. ‘ఎప్పుడూ కాదు’ అన్న గడికి మార్కు సున్నా; నా నిండా సున్నాలు చూసి డాక్టరు మురిసిపోయాడు.

“భేషుగ్గా ఉన్నావు. బండి పెట్టుకో.”

నెల తిరక్కుండానే నూకరత్నం మోచేతుల దాకా కట్లతో, ధర్మరాజును వెంటబెట్టుకుని వచ్చింది. వదిలేసిన నూనె అంటుకుంటే, ధర్మరాజు కంగారులో బిందెడు నీళ్లు దాని మీద కుమ్మరించాడు. పక్కనున్న ఆమె చేతులు కాలాయి.

డాక్టరు నన్ను ఆమె ముఖం ముందు ఆడించాడు. “ఏ ఇబ్బందీ లేదని నువ్వే చెప్పావు కదమ్మా? అప్పుడే నిజం చెప్పొచ్చుగా?”

“నాకు చెప్పడం రాలేదండి” అని ఆమె తల దించుకుంది.

ఒళ్లు మండిపోయింది నాకు. ఇంత చదువుకుని ఒక ఆడమనిషి మాట చివరిదాకా వినలేని మీకు డాక్టరు బోర్డులెందుకయ్యా!

ఆ అమ్మాయి నాలాంటిదే కొత్త కాగితం తీసి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి నూకరత్నం ప్రశ్న పూర్తికాకముందే అనేసింది.

“ఎప్పుడూనండి. అన్నీ ఎప్పుడూనే.”

ధర్మరాజు ఆమె వైపు తిరిగాడు. “పొద్దున్నపూట కూడానా, రత్నం?”

ఆమె తన చేతుల కట్ల వైపు చూసుకుంది. ఆ అమ్మాయి టిక్కులు పెట్టుకుంటూ పోయింది.