వెనక చక్రాల పేచీ

ఆ ఇంట్లో అద్దాలు కోసేది మొగుడు, చేరవేసేది పెళ్లాం. పికప్ బండి వెనక ఏటవాలు చట్రానికి నిలువెత్తు అద్దాలు కట్టుకుని ఆమె వీధిలో వెళ్తుంటే, దుకాణాలవాళ్లు అందులో చూసుకుని తల సవరించుకునేవాళ్లు. పేటంతా ఆమెను అద్దాలమ్మాయి అనే పిలిచేది. ఇన్నేళ్లలో ఆమె తోలగా ఒక్క అద్దానికీ గీత పడింది లేదు.

అలాంటిది, వానలు వెలిశాక బండి ఆమె మాట వినడం మానేసింది. యాక్సిలరేటర్ నొక్కితే వెనక భాగం కుడికి జరుగుతుంది, కాలు తీస్తే ఎడమకి జరుగుతుంది. ముందు చక్రాలది ఒక దారి, వెనక చక్రాలది ఇంకో దారి. ఒకరోజు కొండ మలుపులో బండి తోక విసిరిన విసురుకి రెండు అద్దాలు భళ్లుమన్నాయి.

పేటలో బండ్లు బాగుచేసే షెడ్డు నడిపేది చిన్నమామయ్య, మామగారి తమ్ముడు. ఏ బండి దగ్గినా ఆయన దగ్గరికే తీసుకొస్తారు. ఆయన వెనక టైర్లు మార్చాడు, కుదుపులు ఆపే షాకులు మార్చాడు. బండిని జాకీ మీద లేపి చక్రాలు పట్టుకుని ఊపి చూశాడు. ఎక్కడా కదలిక లేదు.

"బండి గుండ్రాయిలా ఉందమ్మా. ఆ మలుపులో నువ్వే కాస్త కంగారు పడ్డట్టున్నావ్" అన్నాడు. నొప్పించాలని అనలేదు గానీ, ఆ మాట ముల్లులా దిగింది.

ఇంటికొస్తే మొగుడిదీ అదే పాట. "కొన్నాళ్లు నెమ్మదిగా తోలరాదూ?"

"ఇంతకన్నా నెమ్మదంటే తోసుకుంటూ పోవాలి!" అందామె. పైకి అలా అన్నా, తన చేతుల మీద తనకే అనుమానం మొదలైంది.

అదే సమయానికి కొండమీద కడుతున్న గ్రంథాలయానికి ముందువైపు బిగించే పెద్ద అద్దం తయారైంది. వాళ్లు చేసినవాటిలోకెల్లా పెద్దది అదే. కాంట్రాక్టరు ఫోన్ చేశాడు. "మీ బండి తోక ఊపుతోందట కదమ్మా? వేరే బండి చూసుకోమంటారా?"

"అక్కర్లేదండీ. ఎల్లుండి పొద్దున మేమే తెస్తాం" అనేసింది.

ముందుగదిలో మిషను కుడుతున్న అత్తగారు కాలు ఆపింది. "అంత మాట ఇచ్చేశావ్. అసలా బండి ఎప్పుడు పక్కకి పోతోందే? గుంటలో పడ్డప్పుడా?"

"కాదత్తయ్యా. నున్నటి రోడ్డు మీద కూడా పోతుంది. కాలు నొక్కినప్పుడు ఒకలా, తీసినప్పుడు ఒకలా..."

చెబుతూ చెబుతూనే ఆగిపోయింది. షాకుల జబ్బయితే గుంటల్లో తెలియాలి. టైర్ల జబ్బయితే తన కాలితో దానికేం పని? ఇంజను తోపుడంతా భరించేది వెనక ఇరుసు. మరి జాకీ మీద వేలాడుతున్న బండికి తోపుడెక్కడిది? అందుకే అక్కడ ఏదీ కదల్లేదు. నేల మీద, బరువుతో, ముందుకీ వెనక్కీ లాగి చూడాలి!

"అత్తయ్యా, మీ సుద్దముక్క తీసుకుని రండి. మీ కళ్లతో పనుంది."

"రానా మరి! ఇప్పటికీ కళ్లజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తాను" అంటూ పెద్దావిడ చెప్పులేసుకుంది.

షెడ్డు ముందు బండిలో ఇసుక బస్తాలు వేయించారు. బండి బరువు మోసే వంపు తిరిగిన ఇనప పట్టీల కమాన్ కట్టల కింద వెనక ఇరుసు కూర్చునే చోట, రెండు వైపులా, కట్ట మీంచి ఇరుసు దిమ్మ మీదికి అత్తగారు సుద్దతో నిలువుగీత గీసింది. బట్ట మీద గీసినంత తిన్నగా గీసింది. చక్రానికి దూరంగా ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. చిన్నమామయ్య చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

అద్దాలమ్మాయి బండిని జానెడు ముందుకి ఉరికించి బ్రేకు తొక్కింది. వెనక్కి ఉరికించి మళ్లీ తొక్కింది. కుడివైపు గీత గీసినట్టే ఉంది. పెద్దావిడ పీట ఎత్తుకుని ఎడమవైపుకి మారింది. మళ్లీ ముందుకి, మళ్లీ వెనక్కి.

"ఆపు, ఆపు! కుట్టు విడిపోయింది!"

గీత రెండు ముక్కలైంది. పైముక్క ఒకచోట, కిందిముక్క వేలెడు పక్కన. చిన్నమామయ్య నేలమీద బోర్లా పడుకుని, "ఏదీ, ఇంకోసారి ముందుకి!" అని కేకేశాడు. ఇరుసు కట్ట కింద అటూ ఇటూ జారడం ఆయన కళ్లారా చూశాడు.

విప్పి చూస్తే కట్టను కదలకుండా పట్టుకునే సెంటర్ బోల్టు రెండుగా విరిగి ఉంది. ఇరుసును కట్టకి బిగించి ఉంచాల్సిన యూ బోల్టులు వదులయ్యాయి. జారీ జారీ ఆ చోటు వెండిలా మెరుస్తోంది.

ఆయన చేతులు తుడుచుకుంటూ లేచాడు. "అమ్మాయ్, కంగారు పడ్డావన్నాను చూడు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా."

"మాట సరే మరిదీ, ఆ బోల్టు కూడా తియ్యి" అంది అత్తగారు. షెడ్డంతా నవ్వు. అందరికన్నా గట్టిగా నవ్వింది ఆయనే. ఆ సాయంత్రమే కొత్త బోల్టులు వేసి, బరువు మీదే మరోసారి బిగించాడు.

చెప్పిన రోజు పొద్దున పెద్ద అద్దం కట్టి బయల్దేరారు. నేనూ వస్తానని అత్తగారు పక్కసీట్లో కూర్చుంది. అద్దాలు పగిలిన మలుపు దగ్గరపడింది. అద్దాలమ్మాయి యాక్సిలరేటర్ నొక్కింది. వెనక చక్రాలు తల్లి వెంట దూడలా బుద్ధిగా వచ్చేశాయి. ఊరికే, సంబరానికి, కాలు తీసి మళ్లీ నొక్కింది. బండి గీత తప్పలేదు.

"ఏమిటే ఆ నవ్వు?" అంది అత్తగారు.

"మాట వింటోందత్తయ్యా!" అంటూ హారన్ కొండంతా వినపడేలా మోగించింది.

కొండమీద మనుషులు అద్దాన్ని పట్టుకుని లేపి చట్రంలో దించారు. అంచు కూడా చెదరలేదు. ఆకాశం, మేఘాలు, కింది లోయ అన్నీ అందులోకి వచ్చి నిలబడ్డాయి. కాంట్రాక్టరు అద్దం చుట్టూ తిరిగొచ్చి, "మిగతా కిటికీలు కూడా మీరే తేవాలమ్మా" అన్నాడు.

ఇప్పుడు షెడ్డుకి తోక ఊపే బండి ఏదొచ్చినా చిన్నమామయ్య జాకీ జోలికి పోడు. "ఆగండి, ముందు మా కోడలు ఓసారి తోలి చూడాలి" అంటాడు, మీసం దువ్వుకుంటూ.