చనిపోయిన సుహైరక్క చెప్పిన జవాబు

రబాబ్ ద్రాక్షాకుల్లో బియ్యం కూరి చుడుతోంది. పక్కనే ఫోను.

"మళ్ళీ అదేనా?" అన్నాడు మొగుడు మమ్‌దూహ్. "ఊళ్ళో ఆడవాళ్ళ ఏడుపులన్నీ నెత్తిన వేసుకుంటావు. ఆ కంపెనీవాడేమైనా జీతమిస్తున్నాడా నీకు?"

ఇవ్వడం లేదు. ఈ వంటకూ ఎవరూ ఇవ్వడం లేదు, ఆ సంగతి మాత్రం ఆయన ఎత్తడు. అలెగ్జాండ్రియా ఆడవాళ్ళ కోసం సుహైరక్కా తనూ కలిసి ఫోనులో పెట్టిన గ్రూపు అది. మంచి డాక్టరెవరన్న దగ్గర్నుంచి కొట్టే మొగుణ్ణేం చేయాలన్న దాకా అన్నీ అక్కడే అడుగుతారు. బూతులు రాసే మగాళ్ళను తరమడం, ఏడ్చేవాళ్ళను ఓదార్చడం, అంతా వీళ్ళిద్దరి చాకిరీయే. ఆ ఏడుపుల పక్కన ముఖం తెల్లబడే క్రీముల ప్రకటనలు వేసుకుని ఆ యాప్ కంపెనీ సంపాదించుకుంది. రాబడి తగ్గేసరికి అరబ్బీలో వచ్చే ఫిర్యాదులు చదివే ఉద్యోగుల్ని తీసేసింది. ఇప్పుడు మొత్తుకున్నా పలికే నాథుడు లేడు.

సుహైరక్క నిరుడు జబ్బుచేసి పోయింది. గ్రూపు నడిపే పెద్దల జాబితాలోంచి ఆమె పేరు తీసేయడానికి ఎవరికీ చేతులు రాలేదు. ప్రతి గురువారం ఆ పేరు కిందే ఆమె కోసం దువా రాస్తూ వచ్చారు. ఆ ప్రేమే కొంప ముంచింది. మనుషుల బదులు జవాబులిచ్చే యంత్రాన్ని కంపెనీ ఈమధ్యే దించింది. ఆ పెద్దల్లో అందరూ ఎక్కువగా తలిచే పేరేదో చూసుకుని, ఆ పేరుతో, ఆ మనిషి ధోరణిలో మాట్లాడుతుంది అది.

ఈ పొద్దున నెస్మా అనే కొత్త పెళ్ళికూతురు రాసింది. గ్రూపులో ఈమధ్యే చేరింది, సుహైరక్క పోయిన సంగతి తెలియదు. "బెల్టుతో కొట్టాడు. అమ్మ రానివ్వడం లేదు. సీదీ జాబిర్ ట్రాము స్టాపులో కూర్చున్నాను. ఏం చేయను సుహైరత్తా?"

దాని కింద జవాబు. "నా కంటి వెలుగా, ఓపిక పట్టు. ఇల్లు నిలబెట్టుకో. తిరిగి వెళ్ళు."

రబాబ్ చుడుతున్న ఆకు వదిలేసి ఫోను అందుకుంది. నా కంటి వెలుగా! ఆ పిలుపు అక్కదే. ఆస్పత్రి మంచం మీద చివరిసారి తనను పిలిచిందీ అలాగే. కానీ ఓపిక పట్టమని అక్క ఏనాడూ ఎవరికీ చెప్పలేదు. దెబ్బలు తిన్నవాళ్ళను తనే వెళ్ళి ఇంటికి తెచ్చుకునేది. ఆ ఓపిక తల్లులది, అత్తలది, గ్రూపులో వేలమంది వేల రోజులు రాసినది. దాన్నంతా పోగేసి అక్క గొంతులో పోశారు.

జవాబు చెరిపేసింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ చెరిపింది. మళ్ళీ అదే, నా కంటి వెలుగా. "అక్కా, నువ్వు కాదుగదూ!" అని పైకే అనేసింది.

నెస్మా రాసింది. "నువ్వే చెప్పావు గనక వెళ్తాను అత్తా."

రబాబ్ పెద్దల జాబితాలో సుహైర్ పేరు మీద వేలు పెట్టి తీసేసింది. ఏడుపు తన్నుకొచ్చింది. ఆ పేరు పోగానే యంత్రం మూగబోయింది. రబాబ్ గబగబా రాసింది. "కదలకు. నీతో మాట్లాడింది సుహైరక్క కాదు, ఆవిడ చనిపోయింది. నేను రబాబ్‌ని, బతికున్నదాన్ని. వస్తున్నా."

చేతులు కడుక్కుని చెప్పులు వేసుకుంది.

"మా అక్కయ్యలు భోజనానికి వచ్చే వేళకి ఎక్కడికే?" అని అరిచాడు మమ్‌దూహ్. సంగతి విని నోరు తెరిచాడు. "ఊరూ పేరూ తెలియని పిల్లా? తీసుకొచ్చి ఎక్కడ పెడతావు?"

"ఇక్కడే," అంది రబాబ్. "ఆకులు సగం చుట్టాను. మిగతావి మీరు చుట్టండి, ఒక మనిషి ఎక్కువ తింటుంది."