గాలి స్క్రూ

మా ఆయన ఫిలిప్ చేతిలో ఆ బండి ఎన్నడూ ఆగలేదు. నా చేతికి వచ్చేసరికి కొంపల్లి సిగ్నల్ దగ్గర, వెనక బస్సులు హారన్లు కొడుతుంటే, టక్కున ఆగిపోయేది. కిక్కు కొట్టి కొట్టి కాలి పిక్క పట్టేసేది. పక్కన స్కూటీల మీద పిల్లలు నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వనీ, నా భయమంతా కండ్లకోయలో మా కాలేజీ గేటు దగ్గరున్న వేలిముద్రల మిషన్ గురించే.

ఆ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో నేను అసిస్టెంటుని. కాంట్రాక్టు ఉద్యోగం. పిల్లలు వచ్చేలోపు బ్యూరెట్లు కడిగి, సీసాలు నింపి పెట్టాలి. నేను ఆలస్యమైతే క్లాసు క్లాసంతా గోడలు చూస్తూ నిలబడుతుంది. మా హెడ్ లలితకుమారి మేడం పిలిచి మరీ చెప్పింది. "పని బాగా చేస్తావు రేచల్, కాదనను. కానీ కాంట్రాక్టు మళ్లీ రాసేటప్పుడు పైవాళ్లు నీ పని చూడరు. మిషన్‌లో పడిన టైం చూస్తారు."

ఇంట్లో వచ్చేది నా జీతం ఒక్కటే. దూలపల్లిలో ఫిలిప్ పనిచేసిన ప్లాస్టిక్ డబ్బాల ఫ్యాక్టరీ మూతబడి చాన్నాళ్లయింది. ఆ కొత్తలో నన్ను తనే దింపేవాడు. దింపి ఇంటికి పోతే ఏ గొడవా లేకపోను. సాయంత్రం దాకా గేటు ఎదురుగా బండి మీదే కూర్చునేవాడు. మధ్యమధ్య వాచ్‌మన్‌తో నన్ను బయటికి పిలిపించేవాడు. "అక్కా, అన్నకు గూడ అటెండెన్స్ ఏపిద్దామా?" అని ఆ వాచ్‌మన్ వేళాకోళం. ల్యాబులో వాళ్లయితే ఇకిలింపులే. సిగ్గుతో చచ్చేదాన్ని.

ఒక ఆదివారం చర్చి అయిపోయాక, వెనక మైదానంలో బండి నేర్పమని అడిగాను. నేర్పాడు. చాలా ఓపికగా నేర్పాడు, ఉన్నమాట చెప్పాలి. వెనక కూర్చుని భుజం మీద చెయ్యేసి "బయపడకు, నేనున్న" అన్నాడు. నేను ఒక్కదాన్నే పోవడం మొదలుపెట్టాక బండికి ఈ రోగం పట్టుకుంది.

నేను చెమటలు కక్కుతూ ఇల్లు చేరగానే అడిగేవాడు.

"ఏంది, మళ్ల ఆగిందా?"

"ఆగింది."

"పాత బండి గద. దానికి నా చెయ్యి అలవాటైంది. రేపటి సంది నేనే దింపుత."

ఆ మాట అనేటప్పుడు ముఖం వెలిగిపోయేది. పిచ్చిదాన్ని, అది నా మీద ప్రేమ అనుకున్నాను. బండి బాగుచెయ్యమంటే కాదనేవాడు కాదు. శనివారం గోనెపట్టా పరిచి, స్పానర్లన్నీ ముందేసుకుని కూర్చునేవాడు. ఆదివారం చర్చికి తనే నడిపేవాడు, బండి పావురంలా కూసేది. సోమవారం నాకు ఆగేది.

చివరికి ఫిలిప్‌కి చెప్పకుండా మేడ్చల్ చెక్‌పోస్టు దగ్గర ఏజాజ్ భాయ్ మెకానిక్ షాపుకు తీసుకెళ్లాను. ఆయన ఇంజిన్ వేడెక్కేదాకా ఆగి, కార్బొరేటర్ పక్కన చిన్న ఇత్తడి స్క్రూ చూపించాడు.

"గిది గాలి స్క్రూ అక్కా. దీన్ని బాగ ఇప్పి పెట్టిన్రు. గాలి ఎక్కువై పెట్రోలు సాల్తలేదు. రేజ్ ఇచ్చుకుంట నడిపెటోల్లకు నడుస్తది. చెయ్యి ఇడిసిన్రంటే ఆగుడే."

ఫిలిప్ చెయ్యి ఎన్నడూ యాక్సిలరేటర్ వదలదు. నాకేమో సిగ్నల్ పడగానే వదలడం అలవాటు. ఏజాజ్ భాయ్ స్క్రూను మెల్లగా లోపలికి తిప్పుతూ చెవి ఒగ్గి విన్నాడు. ఊగిపోతున్న ఇంజిన్ కుదురుకుంది. తర్వాత స్క్రూ తల మీద ఎర్రగా ఒక చుక్క పెట్టాడు.

"మా బిడ్డ నజ్‌నీన్ గోర్ల రంగు. స్క్రూ కదిలితే చుక్క పలుగుతది, మనకు తెలుస్తది."

కొన్నాళ్లు హాయిగా గడిచాయి. ఆ నెలాఖరు రోజు పొద్దున మళ్లీ సిగ్నల్లో ఆగింది. అప్పటికే ఆలస్యం. తోసుకుంటూ, కొట్టుకుంటూ పోయి, ముందు కాలేజీలో వేలు పెట్టి, మధ్యాహ్నం ఏజాజ్ భాయ్ దగ్గరికి పోయాను.

"చుక్క ఉన్నది గద భాయ్. పలగలేదు."

ఆయన గోరుతో గీకి చూశాడు. "ఇది నేను పెట్టింది గాదక్కా. నాది మెరుస్తది. ఇది ఇంటి పెయింట్."

చూశాను. మెరుపు లేని ఇటుక ఎరుపు. గుమ్మం మీద బైబిలు వాక్యం రాయించడానికి క్రిస్మస్‌కు ముందు మేం తెచ్చుకున్న రంగు. మా చర్చిలో ఆడవాళ్లు గోళ్లకు రంగు వేసుకోరు, ఆ సీసా మా ఇంట్లో అడుగుపెట్టదు. ఎరుపు కోసం వెతికి, మంచం కిందున్న ఆ డబ్బా తీసుంటాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా ఇంటి దొంగను వాక్యం రంగు పట్టించింది.

ఏజాజ్ భాయ్ తల వంచుకున్నాడు. "ఎవలన్న పిల్లగాండ్లు ముట్టినట్టున్నరు."

"మా ఇంట్ల పిల్లగాండ్లు లేరు భాయ్. దాన్ని ముట్టకు, అట్లనే ఉండనీ."

తిరిగి వెళ్లేసరికి లలితకుమారి మేడం పిలిపించింది. నా ముఖంలోకి చూడలేక కిటికీ వైపు చూస్తూ చెప్పింది. కాంట్రాక్టు రాయలేదట. నెల ఈ రోజుతో అయిపోయింది కాబట్టి రేపటి నుంచి రానక్కర్లేదట. బ్యూరెట్లు కడిగి, బోర్లించి, ల్యాబు తాళాలు అప్పజెప్పి వచ్చాను.

దారంతా తిట్లు కూర్చుకున్నాను. ఇంటి ముందు ఫిలిప్ నిలబడి ఉన్నాడు.

"ఆగిందా?"

"గోర్ల రంగు గీకి గుమ్మం రంగు పెట్టినవు."

అబద్ధం ఆడతాడేమోనని చూశాను. ఆడలేదు. అరుగు మీద కూలబడ్డాడు.

"ఫ్యాక్టరీ పోయినంక నన్ను ఎవలు పిలుస్తలేరు రేచల్. బండి ఆగినప్పుడన్న నువ్వు నా దగ్గెరికొస్తుంటివి. ఏం జెయ్యాలె, ఎట్ల జెయ్యాలె అని అడుగుతుంటివి."

అన్ని తిట్లు కూర్చుకున్నా, జాలేసింది. నా బతుకు మీద దెబ్బకొట్టినవాడి మీద జాలిపడుతున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆయన లేచి స్క్రూడ్రైవర్ తెచ్చాడు. బండి ముందు గొంతుక్కూర్చుని, స్టార్ట్ చేసి, ఆ ఎర్ర చుక్కను గీకేసి, స్క్రూ కొద్దికొద్దిగా లోపలికి తిప్పాడు. దాని సంగతి ఏజాజ్ భాయ్‌కి తెలిసినంతా ఈయనకూ తెలుసు. ఇంజిన్ కుదురుగా పలికింది. చెయ్యి తీసేసినా ఆగలేదు. తల ఎత్తి, ఏడుపు ముఖంతోనే నవ్వాడు.

"సూడు, ఇగ ఆగది. రేపటి సంది నువ్వొక్కదానివే పో. నేనొస్తనని అననే అనను."

"యాడికి పోవాలె?" అన్నాను. "కాంట్రాక్టు రాయలే."